నక్షత్రం గీత కొలిచి దూరం చెప్పారు: హైదరాబాద్‌లో పెరిగిన వైను బప్పు కెరీర్ కథ

ఎప్పటిలాగే మన నూజివీడు నుంచే మాట్లాడుతున్నాను. వెనకాల లారీ హారన్లు వినిపిస్తే ఏమీ అనుకోకండి, మామిడి సీజన్ కదా, లోడ్లు వెళ్తున్నాయి.

ఇంటర్ ఎంపీసీ చదివే ఒక చెల్లి మెసేజ్ పెట్టింది. "అన్నా, నక్షత్రాల మీద చదువుకుంటే చివరికి ఏం ఉద్యోగం వస్తుంది? ఇంట్లో సీఎస్ఈ తప్ప ఇంకోటి వద్దంటున్నారు" అని. చాలామంది అడిగేదే ఇది. ఇస్రో అంటే అందరికీ తెలుసు. రాకెట్ ఎగురుతుంది, చప్పట్లు కొడతాం. కానీ ఆస్ట్రానమర్ పొద్దున లేచి ఏం చేస్తాడు, జీతం ఎవరిస్తారు, ముప్పై ఏళ్ళు అదే పని చేస్తే చివరికి ఏం మిగులుతుంది? ఇవి మాత్రం ఎవరూ చెప్పరు.

ఊరికే "కలలు కనండి" అని చెప్పడం నాకిష్టం లేదు. అందుకే ఈ రోజు ఒక మనిషి కెరీర్ మొత్తం మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. ఆయన పేరు మనాలి కల్లాట్ వైను బప్పు. కుటుంబానిది కేరళ, పుట్టింది మద్రాసులో, పెరిగింది, చదివింది మన హైదరాబాద్‌లో. 1927 ఆగస్టు 10న పుట్టారు, 1982 ఆగస్టు 19న పోయారు. సరిగ్గా 55 ఏళ్ళ జీవితం. అందులో ఒక పెద్ద నిర్ణయం ఉంది. అది కరెక్టా కాదా అనేది చివర్లో మీరే చెప్పండి.

బేగంపేటలో ఒక టెలిస్కోప్

ముందు హైదరాబాద్ సంగతి. నవాబ్ జఫర్ జంగ్ అని నిజాం కొలువులో ఒక పెద్దమనిషి ఉండేవారు. ఆయనకు ఆకాశం పిచ్చి. సొంత డబ్బుతో ఇంగ్లండ్ నుంచి 15 అంగుళాల టెలిస్కోప్ తెప్పించి, 1901లో అబ్జర్వేటరీ మొదలుపెట్టారు. ఆయన పోయాక 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది. బేగంపేటకు మారింది. తర్వాత ఉస్మానియా యూనివర్సిటీ కిందికి వచ్చింది. అదే నిజామియా అబ్జర్వేటరీ. ఇప్పుడు అమీర్‌పేట, పంజాగుట్ట కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగే వాళ్ళలో ఎంతమందికి తెలుసో గానీ, ఆ చుట్టుపక్కలే ఒకప్పుడు ప్రపంచ నక్షత్రాల పటంలో మన వాటా తయారైంది.

వాటా అని ఎందుకన్నానంటే, అప్పట్లో పలు దేశాల అబ్జర్వేటరీలు కలిసి ఆకాశం మొత్తాన్ని ఫోటోలు తీసి కేటలాగ్ చేద్దామని పంచుకున్నాయి. హైదరాబాద్‌కు దక్షిణ ఆకాశంలో ఒక పట్టీ వచ్చింది. గాజు పలకల మీద ఫోటోలు తీయడం, ఒక్కో చుక్క స్థానం మైక్రోస్కోప్‌లో చూసి కొలవడం, చేత్తో లెక్కలు రాయడం. కంప్యూటర్ లేదు, ఎక్సెల్ లేదు. ఏళ్ళ తరబడి అదే పని.

ఆ అబ్జర్వేటరీలో బప్పు గారి నాన్న పనిచేసేవారు. మన పిల్లలు తోటలో కాయ తెంపుతూ పెరిగినట్టు ఈయన టెలిస్కోప్ దగ్గర పెరిగారన్నమాట. నిజాం కాలేజీలో ఫిజిక్స్ చదివారు. స్టూడెంట్‌గా ఉన్నప్పుడే వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండే నక్షత్రాలను గమనించి, వాటి మీద రాసి ప్రచురించారు. హైదరాబాద్ ప్రభుత్వం స్కాలర్‌షిప్ ఇచ్చి 1949లో హార్వర్డ్‌కు పంపింది.

అక్కడికి వెళ్ళిన కొన్ని నెలలకే, 1949 జూలై 2న, రాత్రి తీసిన ఫోటో పలకలో ఒక కొత్త తోకచుక్క కనిపించింది. ప్రొఫెసర్ బార్ట్ బాక్, తోటి విద్యార్థి గోర్డన్ న్యూకిర్క్ దాన్ని నిర్ధారించడంలో కలిశారు. అందుకే దాని పేరు బప్పు-బాక్-న్యూకిర్క్. అప్పటికి ఈయన వయసు 21. పసిఫిక్ ఆస్ట్రనామికల్ సొసైటీ మెడల్ కూడా ఇచ్చింది.

తోకచుక్క దొరకడంలో కొంత అదృష్టం ఉంటుంది. కానీ ఆ రాత్రి ఆ పలక తీసి, దాన్ని జాగ్రత్తగా చూసిన వాడికే ఆ అదృష్టం. 1952లో పీహెచ్‌డీ అయిపోయింది. వెంటనే కార్నెగీ ఫెలోషిప్ మీద కాలిఫోర్నియాలో మౌంట్ విల్సన్, పాలొమర్ అబ్జర్వేటరీలకు వెళ్ళారు. అప్పట్లో ప్రపంచంలోకెల్లా పెద్ద టెలిస్కోప్, 200 అంగుళాలది, పాలొమర్‌లోనే ఉంది.

దూరం ఎలా తెలుస్తుంది?

ఇక్కడే ఆయన పేరు పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. ఇది కొంచెం ఓపికగా వినండి, నిజంగా బాగుంటుంది.

రాత్రిపూట హనుమాన్ జంక్షన్ రోడ్డు మీద దూరంగా ఒక లైటు కనిపించింది. అది దగ్గర్లో ఉన్న బైక్ లైటా, దూరంగా ఉన్న లారీ లైటా? చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి. నక్షత్రాలతో ఉన్న అసలు తలనొప్పి ఇదే. మసకగా కనిపించేది చిన్న నక్షత్రం కావచ్చు, లేదా చాలా దూరంలో ఉన్న పెద్ద నక్షత్రం కావచ్చు.

బల్బు ఎన్ని వాట్లదో ముందే తెలిస్తే దూరం లెక్క కట్టేయొచ్చు. రూల్ సింపుల్: దూరం 10 రెట్లు పెరిగితే వెలుగు 100 రెట్లు తగ్గుతుంది. కాబట్టి ప్రశ్న ఏంటంటే, నక్షత్రం "వాట్లు" తెలుసుకోవడం ఎలా?

నేరుగా దూరం కొలిచే పద్ధతి ఒకటుంది. చెయ్యి చాచి బొటనవేలు నిలబెట్టి ఒకసారి ఎడమ కన్నుతో, ఒకసారి కుడి కన్నుతో చూడండి. వేలు పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. భూమి సూర్యుడి చుట్టూ ఈ వైపున్నప్పుడు ఒకసారి, ఆరు నెలల తర్వాత ఆ వైపున్నప్పుడు ఒకసారి చూస్తే, దగ్గరి నక్షత్రాలు అలాగే కాస్త జరుగుతాయి. కానీ 1950ల్లో నేల మీది టెలిస్కోపులతో ఇది చాలా దగ్గరి నక్షత్రాలకే నమ్మకంగా పనిచేసేది. మిగతా వాటికి ఇంకేదో ఉపాయం కావాలి.

మనకు తెలిసిన విద్యే అది. తోట గుత్తకు తీసుకునే వ్యాపారి చెట్టెక్కి కాయలు లెక్కపెట్టడు. కింద నిలబడి కొమ్మలు చూస్తాడు, కాపు చూస్తాడు, ఇన్ని టన్నులు అని చెప్పేస్తాడు. కాయ కోతకు వచ్చిందా లేదా తెలియాలంటే కోసి చూడక్కర్లేదు, ముచ్చిక దగ్గర భుజాలు నిండాయా అని చూస్తే చాలు. కొలవడానికి తేలికైనది ఒకటి చూసి, కొలవలేనిది చెప్పడం. ఆస్ట్రానమీ సగం ఇదే.

కాల్షియం గీత

నక్షత్రం వెలుగును విడదీస్తే ఇంద్రధనుస్సు వస్తుంది. అందులో అక్కడక్కడా నల్లటి గీతలు ఉంటాయి. ఒక్కో మూలకం ఒక్కో చోట వెలుగును మింగేస్తుంది కాబట్టి ఆ గీతలు. ఊదా రంగు చివర, 393.4 నానోమీటర్ల దగ్గర, కాల్షియం వేసే గీత ఒకటుంది. దాని పేరు కే లైన్. కాల్షియం అంటే కొత్తదేం కాదు. మన ఎముకల్లో ఉన్నది, సున్నంలో ఉన్నది, కాయలు మగ్గబెట్టడానికి వాడకూడదని ప్రభుత్వం నిషేధించిన కార్బైడ్‌లో ఉన్నది కూడా అదే కాల్షియం.

మన సూర్యుడి లాంటివి, అంతకంటే చల్లగా పసుపు, నారింజ, ఎరుపు రంగులో ఉండే నక్షత్రాల్లో ఒక విచిత్రం ఉంటుంది. ఆ వెడల్పాటి నల్ల గీత నడి మధ్యలో సన్నగా ఒక వెలుగు గీత మెరుస్తుంది. నక్షత్రం పైపొర, క్రోమోస్ఫియర్ అంటారు, అక్కడి నుంచి వచ్చే వెలుగు అది. దీన్ని 1913లోనే జర్మనీలో ఎబర్‌హార్డ్, ష్వార్జ్‌షిల్డ్ అనే ఇద్దరు గుర్తించారు. ఉందని తెలుసు, దాన్ని దేనికి వాడుకోవచ్చో తెలీదు.

మౌంట్ విల్సన్‌లో ఓలిన్ విల్సన్ అనే ఆయన ఇలాంటి నక్షత్రాల స్పెక్ట్రాలు ఏళ్ళ తరబడి తీస్తున్నారు. బప్పు గారు ఆయనతో కలిశారు. ఇద్దరూ ఆ వెలుగు గీత ఎంత ప్రకాశంగా ఉందో పక్కన పెట్టి, ఎంత వెడల్పుగా ఉందో కొలిచారు. మొత్తం 185 నక్షత్రాలు. గ్రాఫ్ గీస్తే ఏం వచ్చింది? దాదాపు సరళరేఖ. నక్షత్రం అసలు కాంతి ఎంత ఎక్కువైతే, ఆ గీత అంత వెడల్పు.

ఇది 1957లో ఆస్ట్రోఫిజికల్ జర్నల్‌లో వచ్చింది. దీన్నే విల్సన్-బప్పు ఎఫెక్ట్ అంటారు. అసలు ఆశ్చర్యం ఏంటంటే, గీత మసకగా ఉన్నా, మెరుస్తూ ఉన్నా పట్టింపు లేదు. వెడల్పు ఒక్కటే చెబుతుంది. ఆ నక్షత్రాల్లో అతి మసక దానికీ, అతి ప్రకాశమైన దానికీ మధ్య తేడా సుమారు 15 మాగ్నిట్యూడ్లు. అంటే 10 లక్షల రెట్లు. అంత పెద్ద రేంజ్ మొత్తం మీద ఒకే గీత పనిచేసింది.

మన ఇంజనీరింగ్ బుర్రలకు ఒక చిన్న లెక్క. వెడల్పు రెట్టింపు అయితే అసలు కాంతి సుమారు 64 రెట్లు పెరుగుతుంది. 2ను ఆరు సార్లు గుణించండి, 64 వస్తుంది. ఇప్పుడు రెండు నక్షత్రాలు కంటికి ఒకే వెలుగుతో కనిపిస్తున్నాయి అనుకోండి. ఒకదాని కాల్షియం గీత రెండోదాని కంటే రెట్టింపు వెడల్పు. అంటే అది 64 రెట్లు ఎక్కువ కాంతి ఉన్నది. అయినా ఒకేలా కనిపిస్తుందంటే 8 రెట్లు దూరంలో ఉందన్నమాట, ఎందుకంటే 8 ఎనిమిదులు 64. అయిపోయింది. గీత మీద ఒక కొలత, చేతిలో దూరం.

ఎందుకలా జరుగుతుంది అని అడగొచ్చు. పెద్ద నక్షత్రం ఉబ్బిపోయి ఉంటుంది, దాని పైన గురుత్వం తక్కువ. కాబట్టి పైపొరలు వదులుగా, ఎక్కువ ఎత్తుకు పరుచుకుంటాయి. ఆ పొరలో వెలుగు దాటాల్సిన పదార్థం మారుతుంది, గీత వెడల్పవుతుంది. స్థూలంగా అంతే. సూక్ష్మంగా చెప్పాలంటే దశాబ్దాల పాటు పేపర్ల మీద పేపర్లు వచ్చాయి. 1989లో యూరప్ వాళ్ళు హిప్పార్కస్ ఉపగ్రహం పంపి నక్షత్రాల దూరాలు నేరుగా కొలిచాక, ఈ సూత్రాన్ని మళ్ళీ సరిచూశారు. చిన్న చిన్న సవరణలు వచ్చాయి గానీ ఎఫెక్ట్ నిలబడింది.

ఇద్దరు మనుషులు, రెండు దార్లు

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. ఆ పేపర్ మీద రెండు పేర్లున్నాయి. తర్వాత ఇద్దరి కెరీర్లు ఎలా వెళ్ళాయో పక్కపక్కన పెట్టి చూడండి.

ఓలిన్ విల్సన్ అక్కడే ఉండిపోయారు. అదే అబ్జర్వేటరీ, అదే కాల్షియం గీతలు. 1966లో ఒక పని మొదలుపెట్టారు: సూర్యుడికి 11 ఏళ్ళ చక్రం ఉన్నట్టు వేరే నక్షత్రాలకూ ఉంటుందా అని, ఎంచుకున్న నక్షత్రాలను ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ కొలవడం. 1978లో ఫలితం ప్రచురించారు, ఉంటుంది అని. 1984లో బ్రూస్ మెడల్ వచ్చింది. ఒక సైంటిస్టుకు ఇంతకంటే నిండు జీవితం ఏముంటుంది?

బప్పు గారు 1953లో ఇండియా వచ్చేశారు.

ఏముంది ఇక్కడ? చిన్నప్పుడు తిరిగిన నిజామియాలో 15 అంగుళాల టెలిస్కోప్ ఉంది. వదిలి వచ్చిన చోట 200 అంగుళాలది. వెలుగు పట్టే వైశాల్యం లెక్కిస్తే పాలొమర్‌ది దాదాపు 180 రెట్లు ఎక్కువ. మసక నక్షత్రం స్పెక్ట్రమ్ తీయాలంటే వెలుగే పెట్టుబడి. పెట్టుబడి లేని చోటికి వచ్చారు.

1954లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం వారణాసిలో ఒక అబ్జర్వేటరీ మొదలుపెట్టింది. బప్పు గారు దాని బాధ్యత తీసుకుని, దుమ్ము, వెలుగు తక్కువగా ఉండే నైనితాల్‌కు మార్పించారు. అదే ఇవాళ్టి ఏరీస్ సంస్థ. 1960లో కొడైకెనాల్ అబ్జర్వేటరీ డైరెక్టర్ అయ్యారు. అప్పటికి 33 ఏళ్ళు కూడా నిండీ నిండకుండా ఉన్నారు. ఆ అబ్జర్వేటరీ 1899 నాటిది, సూర్యుణ్ణి చూడటానికి పెట్టింది. అక్కడ రోజూ సూర్యుణ్ణి ఇదే కాల్షియం వెలుగులో ఫోటో తీస్తూ వచ్చారు. వందేళ్ళ పైచిలుకు ఫోటోలు ఉన్నాయి.

కానీ కొడైకెనాల్ పగటి ఆస్ట్రానమీకి బాగుంటుంది, రాత్రి నక్షత్రాలకు అంత కాదు. మబ్బులు. కాబట్టి మంచి జాగా కోసం దక్షిణాదంతా వెతికించారు. చివరికి తమిళనాడులో వాణియంబాడి దగ్గర జవ్వాది కొండల్లో కావలూరు అనే ఊరు దొరికింది. సముద్ర మట్టానికి 700 మీటర్ల పైచిలుకు ఎత్తు, చుట్టూ అడవి, చీకటి. పైగా భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి ఉత్తర ఆకాశంతో పాటు దక్షిణ ఆకాశం కూడా చాలావరకు కనిపిస్తుంది.

1968లో అక్కడ పెట్టిన మొదటి టెలిస్కోప్ 38 సెంటీమీటర్లది. కొన్నది కాదు, సొంత వర్క్‌షాప్‌లో చేసుకున్నది. 1972లో జర్మనీలో తయారైన ఒక మీటర్ టెలిస్కోప్ వచ్చింది. వచ్చిన ఏడాదే, జూన్ 7న, గురుగ్రహం ఉపగ్రహమైన గనిమీడ్ ఒక నక్షత్రం ముందుగా వెళ్తున్నప్పుడు గమనించి, గనిమీడ్ మీద పల్చటి వాతావరణం ఉందేమో అనడానికి ఆధారాలు చూపించారు. 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రాన్ని మూసినప్పుడు కావలూరు వాళ్ళు కూడా చూస్తున్నారు. యురేనస్ చుట్టూ వలయాలున్నాయని ప్రపంచానికి తెలిసింది ఆ రాత్రే.

మధ్యలో 1971లో కొడైకెనాల్, కావలూరు కలిపి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ అనే స్వతంత్ర సంస్థ ఏర్పడింది, తర్వాత బెంగళూరు కేంద్రమైంది. బప్పు గారే దాని డైరెక్టర్. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షుడయ్యారు, ఆ పదవికి వెళ్ళిన మొదటి భారతీయుడు. 1981లో పద్మభూషణ్.

ఆయన పెద్ద కోరిక ఇంకొకటి. 2.34 మీటర్ల టెలిస్కోప్, పూర్తిగా ఇక్కడే డిజైన్ చేసి, అద్దం ఇక్కడే రుద్ది తయారుచేయాలని. కొనుక్కోవచ్చు కదా అంటారు. కొంటే టెలిస్కోప్ వస్తుంది, తయారుచేస్తే టెలిస్కోప్ చేసే మనుషులు వస్తారు. తేడా అదీ. అద్దం రుద్దడమంటే గ్రైండర్‌తో గంటలో అయ్యే పని కాదు. వెంట్రుక మందంలో వందల వంతు తేడా కూడా ఉండకూడదు, కాబట్టి ఏళ్ళు పడుతుంది.

ఆ పని నడుస్తుండగానే 1982 ఆగస్టులో గ్రీస్‌లో అంతర్జాతీయ ఖగోళ సంఘం మహాసభ. అధ్యక్షుడిగా ఆయన నడపాల్సిన సభ. గుండె ఆపరేషన్ తర్వాత మ్యూనిక్‌లో ఆగస్టు 19న కన్నుమూశారు. సభ అక్కడ జరుగుతూనే ఉంది.

టెలిస్కోప్ 1986 జనవరి 6న ప్రధాని రాజీవ్ గాంధీ చేతుల మీదుగా ప్రారంభమైంది. దానికి, ఆ అబ్జర్వేటరీకి కూడా వైను బప్పు పేరే పెట్టారు. ఆయన దాంట్లోంచి ఒక్క నక్షత్రాన్ని కూడా చూడలేదు.

మరి నష్టపోయారా?

నేను దీని గురించి చాలా ఆలోచించాను. పేపర్ల లెక్క, సైటేషన్ల లెక్క చూస్తే, ఆయన పేరు నిలబెట్టిన పని 30 ఏళ్ళ లోపే అయిపోయింది. తర్వాతి 20 ఏళ్ళకు పైగా ఫైళ్ళు, బడ్జెట్లు, భూమి, కరెంటు, ఇనుము, గాజు. అమెరికాలో ఉంటే ఇంకో రెండు మూడు ఎఫెక్టులకు ఆయన పేరు ఉండేదేమో.

కానీ ఇంకోలా చూడండి. మామిడి టెంక నాటి కాపు కోసం ఎదురుచూసే వాడికీ, కాసే తోట గుత్తకు తీసుకునే వాడికీ ఇద్దరికీ కాయలు దొరుకుతాయి. కానీ అందరూ గుత్తకే తీసుకుంటే కొత్త తోట ఎవరు వేస్తారు? ఇవాళ లద్దాఖ్‌లో హాన్లే దగ్గర 4,500 మీటర్ల ఎత్తున ఉన్న 2 మీటర్ల టెలిస్కోప్ ఆ సంస్థదే. 2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఆదిత్య-ఎల్1 మీద ప్రధానమైన కరోనాగ్రాఫ్ పరికరాన్ని తయారుచేసింది ఆ సంస్థే. అదే ఆదిత్య మీద పుణె అయుకా వాళ్ళ సూట్ అనే పరికరం ఉంది, అది సూర్యుణ్ణి చూసే వెలుగుల్లో కాల్షియం గీత కూడా ఒకటి.

ఆయన త్యాగం చేశారు అని నేను అనను. త్యాగం అంటే ఇష్టం లేనిది చేయడం. ఆయనకు అద్దాలు రుద్దడమూ ఇష్టమే, జాగా వెతకడమూ ఇష్టమే. కాకపోతే దానికి ధర కట్టారు. ఆ ధర ఎంతో తెలిసే కట్టారని నా అభిప్రాయం.

ఇక చెల్లి ప్రశ్నకు

ఇప్పుడు ప్రాక్టికల్‌గా మాట్లాడుకుందాం. ఈ రోజు ఆస్ట్రానమర్ కావాలంటే దారి ఏంటి?

ఒకటి, బీఎస్సీ, ఎంఎస్సీ ఫిజిక్స్. ఐఐఎస్ఈఆర్‌లు, నైసర్ లాంటి చోట్ల ఐదేళ్ళ కోర్సులున్నాయి, తిరుపతిలోనే ఒక ఐఐఎస్ఈఆర్ ఉంది. రెండు, తిరువనంతపురంలో ఐఐఎస్‌టీ, జేఈఈ అడ్వాన్స్‌డ్ ద్వారా. మూడు, బీటెక్ చేసి కూడా రావచ్చు. టెలిస్కోప్‌కు కెమెరా కావాలి, ఎలక్ట్రానిక్స్ కావాలి, సాఫ్ట్‌వేర్ కావాలి. అర్హతలు సంస్థను బట్టి మారతాయి కాబట్టి ఆ ఏడాది నోటిఫికేషన్ మీరే చదువుకోండి, ఎవరో చెప్పింది నమ్మకండి. పీహెచ్‌డీ ఎంట్రన్స్‌కు జెస్ట్, నెట్, గేట్ స్కోర్లు చూస్తారు.

పీహెచ్‌డీకి ఫీజు కట్టి చదవాలేమో అని చాలామంది ఇళ్ళల్లో భయం. లేదు, ఎదురు వాళ్ళే ఇస్తారు. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ళ తర్వాత 42,000, హాస్టల్ లేకపోతే ఇంటద్దె అలవెన్స్ వేరే. బెంగళూరులో ఫ్రెషర్ జీతం కంటే మరీ తక్కువేం కాదు. కానీ ఐదేళ్ళ తర్వాత మీ క్లాస్‌మేట్ జీతం ఎక్కడో ఉంటుంది, మీది అక్కడే ఉంటుంది. ఇది ముందే తెలుసుకోండి.

తర్వాత పోస్ట్‌డాక్. రెండు మూడేళ్ళ కాంట్రాక్టు, తరచుగా విదేశంలో, ఒకటి కాదు రెండు మూడు చేయాల్సి రావచ్చు. పర్మనెంట్ ఫ్యాకల్టీ పోస్టులు తక్కువ. అంటే ముప్పై దాటాక కూడా "సెటిల్ అయ్యావా?" అని చుట్టాలు అడుగుతూనే ఉంటారు. ముఖ్యంగా ఆడపిల్లలకు పెళ్ళి సంగతి తెచ్చి ఇంకా ఒత్తిడి పెడతారు. ఇదీ నిజమే, దాచను.

పని ఎలా ఉంటుంది? రోజూ రాత్రి టెలిస్కోప్‌లో కన్ను పెట్టి చూడటం కాదు. ఫలానా నక్షత్రాన్ని ఇన్ని గంటలు ఎందుకు చూడాలో ప్రపోజల్ రాయాలి, కమిటీ ఒప్పుకోవాలి. ఏడాదిలో కొన్ని రాత్రులు దొరుకుతాయి. ఆ రాత్రి మబ్బు పడితే అంతే. మిగతా రోజులన్నీ డేటా, పైథాన్ కోడ్, గ్రాఫులు, పేపర్ రాయడం. నేను కొన్నేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నా, పని స్క్రీన్ మీద చూస్తే మన పనికీ వాళ్ళ పనికీ పెద్ద తేడా కనిపించదు. తేడా ప్రశ్నలో ఉంటుంది. మనకు ప్రశ్న క్లయింట్ ఇస్తాడు. వాళ్ళ ప్రశ్న వాళ్ళే వెతుక్కోవాలి.

ఇదే ఇంకో రకంగా భరోసా కూడా. పీహెచ్‌డీ చేసి అకడమిక్స్‌లో కుదరకపోతే, నేర్చుకున్న కోడింగ్, స్టాటిస్టిక్స్ ఎక్కడికీ పోవు. డేటా ఉద్యోగాల్లోకి వచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు. కాబట్టి ఇంట్లో మాట్లాడేటప్పుడు "నాకు నక్షత్రాలిష్టం" అని ఒక్కటే చెప్పకండి. స్టైపెండ్ ఎంత, ఎన్నేళ్ళు, కుదరకపోతే రెండో దారి ఏంటి, ఈ మూడూ కాగితం మీద రాసి నాన్న ముందు పెట్టండి. తోట పెట్టుబడి లెక్క వేసే మనిషికి ఈ లెక్క అర్థం కాకపోదు. ఒప్పుకుంటారా అంటే గ్యారంటీ లేదు. కానీ వాదన మారుతుంది.

నా సొంత సలహా ఒకటే. ఇప్పుడే పెద్ద నిర్ణయం తీసుకోకండి. ముందు ఆరు నెలలు ఫిజిక్స్ సీరియస్‌గా చదివి చూడండి, ర్యాంకు కోసం కాదు, అర్థం కావడం కోసం. పైథాన్ నేర్చుకోండి. యూరప్ వాళ్ళ గయా ఉపగ్రహం 2013లో వెళ్ళి 2025 జనవరి దాకా దాదాపు 200 కోట్ల నక్షత్రాలను చూసింది. ఆ డేటా ఫ్రీ. ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. బప్పు గారి తరం ఒక్కో నక్షత్రం దూరం కోసం ఎంత కష్టపడిందో, ఇవాళ అది మీ చేతిలో ఉన్న ఫోన్‌కు వచ్చేస్తుంది. వెయ్యి నక్షత్రాలు తీసుకుని ఒక గ్రాఫ్ గీయండి. ఆ పని చేస్తుంటే టైం తెలియకపోతే మీకు జవాబు దొరికినట్టే. విసుగొస్తే అదీ జవాబే, సీఎస్ఈలో హాయిగా చేరండి, తప్పేం లేదు.

ఈ రాత్రికి ఒక పని

చివరగా, మన పెద్దవాళ్ళకు నక్షత్రాల పేర్లు మనకంటే బాగా తెలుసు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి అంటాం కదా. కార్తె అంటే సూర్యుడు ఆ నక్షత్రం దగ్గర ఉండే రోజులు. అందుకే మే చివర్లో రోహిణి నక్షత్రం రాత్రి కనిపించదు, ఎండలో కలిసిపోతుంది. కానీ మే నెల రాత్రుల్లో ఇంకోటి బాగా కనిపిస్తుంది. తొమ్మిది, పది మధ్య లైట్లు లేని చోట నిలబడి ఉత్తరాన సప్తర్షి మండలం చూడండి. దాని తోక వంపును అలాగే పట్టుకుని ముందుకు వెళ్తే, నారింజ రంగులో ఒక పెద్ద చుక్క తగులుతుంది. అదే స్వాతి. సూర్యుడి కంటే వ్యాసంలో సుమారు 25 రెట్లు పెద్దది, 37 కాంతి సంవత్సరాల దూరం. ఇందాక చెప్పిన కాల్షియం వెలుగు గీత 1913లో కనిపించిన నక్షత్రాల్లో అదీ ఒకటి.

మీకు కనిపించిందో లేదో నాకు చెప్పండి. ఈ ఎపిసోడ్ నచ్చితే ఇంట్లో ఇదే గొడవ నడుస్తున్న ఫ్రెండ్‌కు పంపించండి. వచ్చే ఎపిసోడ్‌లో సూర్యుడి 11 ఏళ్ళ చక్రం గురించి, దానికీ మన ఫోన్ జీపీఎస్‌కూ ఉన్న లింక్ గురించి మాట్లాడుకుందాం. ఉంటాను మరి.